రాయనిది జరగనట్టే

"ఒక్క కోడే కదక్కా. అది తీసి ఇంకొకటి పెడితే ఎవరి కొంప మునుగుతుంది?"

చెల్లెలు ఆ మాట అనడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి. అక్క టేబుల్ అంచున తన పేరు చెక్కిన చెక్కపలక కాస్త వంకరగా ఉంటే సరిచేసింది.

అది జన్యు పరీక్షలు చేసే ల్యాబ్. వెనక గదిలో రక్తం చూస్తారు, ముందు గదిలో కాగితాలు చూస్తారు. ఏ పరీక్ష, ఎవరికి, ఎందుకు అన్నదాన్ని అంకెల కోడ్‌గా మార్చి బీమా కంపెనీకి పంపడం ముందు గది పని. ఆ గదికి అక్కే పెద్ద. చాటుగా అందరూ ఆమెని కామా మేడమ్ అంటారు. ఒక్క కామా తప్పిపోయినా ఫైలు వెనక్కి కొడుతుందని ఆ పేరు పెట్టారు.

"రాయనిది జరగనట్టే. జరగనిది రాయకూడదు" అని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెబుతుంది. పద్నాలుగేళ్ళుగా చెబుతోంది. ఇవాళ ఆ మాటే తనకి అడ్డం తిరిగింది.

చెల్లెలికి రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. తీసి చూస్తే భయపడాల్సిందేమీ లేదని తేలింది. అయినా డాక్టరమ్మకి మనసొప్పలేదు. వంశంలో ఏమైనా ఉందేమో చూద్దామని రక్తం తీయించి ఈ ల్యాబ్‌కి పంపింది. బీమా కంపెనీ ఒప్పుకోలేదు. 'కుటుంబంలో ఇంకెవరికైనా ఈ క్యాన్సర్ వచ్చిందా?' అని ఫారంలో అడిగినచోట చెల్లెలు తన చేత్తోనే 'లేదు' అని రాసింది. లేనప్పుడు పరీక్ష దేనికంది కంపెనీ. సాయంత్రం ఐదులోపు జవాబు వెళ్ళకపోతే ఫైలు మూసేస్తారు, రక్తం పారబోస్తారు.

"డబ్బు నేను కడతానే," అంది అక్క.

"నీకేమైనా చెట్లకి కాస్తున్నాయా? లేని జబ్బుకి అంత పోస్తే కళ్ళు పోతాయి. వంశంలో ఉన్నట్టు కోడ్ మారిస్తే సరే, లేదంటే ఈ పరీక్షే మానేస్తాను. అమ్మకి రాలేదు, నీకు రాలేదు. నాకు మాత్రం ఎందుకొస్తుంది?"

"మానెయ్యకు."

"మానొద్దంటావు, మార్చమంటే మార్చవు. నేను కామాగా పుట్టినా బాగుండేది, వెతికి మరీ పట్టించుకునేదానివి." చెల్లెలు నవ్వబోయి ఆగిపోయింది. "రెండేళ్ళ కిందట ట్రైనింగని రెండు నెలలు పోయి, జుట్టు కత్తిరించుకుని వచ్చావు చూడు, అప్పట్నుంచి మరీ రాయివైపోయావక్కా. మీద చెయ్యి కూడా వెయ్యనివ్వవు."

అక్క ఏసీ చలికి కప్పుకునే శాలువాని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

పక్క సీటు గుమాస్తా అంతా వింటున్నాడు. నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఇక ఆయనకి ఎవరన్నా భయం లేదు. కుర్చీ జరుపుకుని వచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్, ఇంట్లో ఒకరికి వచ్చినట్టు పాత రిపోర్టు ఒకటి జతచేస్తే కంపెనీ నోరు మూసుకుని ఒప్పుకుంటుంది. మన దగ్గర రిపోర్టులకేం కొదవ? నేను చెప్పాననకండి."

వేరేవాళ్ళ రిపోర్టు జతచేశాడని కిందటేడు ఒకతన్ని ఉద్యోగంలోంచి తీయించింది ఆమే. పిల్లలుగలవాణ్ణి మేడమ్ అని కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. తప్పు తప్పే అంది.

ఆమె చూపు టేబుల్ కింది సొరుగు మీద పడింది. అందులో ఒక రిపోర్టు ఉంది. నలభై రెండేళ్ళ ఆడమనిషిది. అదే జబ్బు. ఎడమ రొమ్ము తీసేశారు. నలుగురూ జాలిగా చూస్తే బతకలేనని, ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దని ఆ మనిషి డాక్టరు చేత ఒట్టు వేయించుకుంది. ఆ సంగతి ఈ గదిలో అక్కకొక్కదానికే తెలుసు. రెండేళ్ళుగా ఆ సొరుగు తాళంచెవి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

నాలుగూ నలభై అయింది.

"పోనీలే, పారబొయ్యమను," అంటూ చెల్లెలు బ్యాగు తగిలించుకుని లేచింది. గొంతులో కోపం కూడా లేదు. అక్కకి అదే ఎక్కువ బాధనిపించింది.

"కూర్చోవే," అంది అక్క.

సొరుగు తాళం తీసింది. ముందు ఫారం తీసుకుని 'లేదు' కొట్టేసి, పక్కన 'ఉంది' అని రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలని పేరున్న చెయ్యే, అయినా ఆ రెండక్షరాలు గీత దాటిపోయాయి. తర్వాత మడతపెట్టిన రిపోర్టు తీసి గుమాస్తా ముందుకి తోసింది.

"జతచేసి పంపండి."

గుమాస్తా కళ్ళప్పగించి చూశాడు. కామా మేడమ్ కూడా మనిషేనన్నమాట. ముసిముసిగా నవ్వుతూ వైట్‌నర్ సీసా అందుకున్నాడు.

"పేరు కనబడకుండా నేను చూసుకుంటాను లెండి."

"వద్దు. పేరు ఉండాలి."

చెల్లెలు గబుక్కున అక్క చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. ఏదో నోటికొచ్చింది వాగాను. నా కోసం నువ్వు తప్పు పని చెయ్యకు. నీ ఉద్యోగం, నీ పరువు..."

"చెయ్యాల్సిన తప్పు ఎప్పుడో చేశానే," అంది అక్క. చెల్లెలి మొహంలోకి చూడలేకపోయింది. శాలువా భుజం మీంచి జారింది, సర్దుకోలేదు.

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని మడత విప్పి చూస్తే, రిపోర్టులో పేషెంటు పేరూ, టేబుల్ అంచున చెక్కపలక మీది పేరూ ఒకటే.