రాగి గుడ్లగూబ

పడవవాడు నాణేన్ని పంటి కింద పెట్టి కొరికాడు. చేదు తిన్నట్టు మొహం పెట్టాడు.

"రాగి," అన్నాడు.

ఫిలీనోస్‌కి ఒళ్ళు మండింది. "సరిగ్గా చూడు తాతా! అసలు సిసలు ఏథెన్సు వెండి. ఇదిగో, గుడ్లగూబ బొమ్మ కూడా ఉంది."

"బొమ్మ బాగానే ఉందయ్యా. వెండి పైపూతే. గోరు పెడితే ఊడొస్తోంది."

వెనక క్యూలో జనం విసుక్కున్నారు. అందరూ ఒంటికి నూనె రాసుకుని, తెల్లబట్టలు కట్టుకుని, పెళ్ళికి బయల్దేరినట్టున్నారు. అందరి బుగ్గల్లోనూ తలో నాణెం. అందులో వింతేం లేదు. ఏథెన్సులో ఎవరైనా చిల్లర దాచుకునేది నోట్లోనే.

ఫిలీనోస్ నాణేన్ని తిప్పి చూశాడు. గుడ్లగూబకి ఎడమ కన్ను కాస్త వంకర. తన చేతిపనే! ఇరవై ఏళ్ళుగా పెరట్లో కొలిమి పెట్టి దొంగచాటుగా చేస్తున్న సరుకు. సంతలో నాణేలు పరీక్షించే సర్కారు మనిషి కూడా ఏనాడూ పట్టుకోలేదు.

"ఎవరంటగట్టారు నీకిది?"

"మా ఆవిడే. బయల్దేరేముందు తనే నోట్లో పెట్టింది."

"అబ్బో, ఎంత ప్రేమో!"

క్యూ మొత్తం పగలబడి నవ్వింది.

భార్య ఆర్కిప్పెని అనడానికీ లేదు. రాగితో పనయ్యే చోట వెండి తియ్యొద్దని పెళ్ళయిన రోజు నుంచీ ఆమెకి నూరిపోసింది ఫిలీనోసే.

"ఈ ఒక్కసారికి ఎక్కించుకో తాతా. అవతలి ఒడ్డున మా నాన్న ఎదురుచూస్తుంటాడు. ఇక్కడుండిపోతే నా గతేంటి?"

ఒడ్డు పొడవునా బురదలో, పడవ కూలి లేనివాళ్ళు చతికిలబడి ఉన్నారు. "ఇలా రా బాబూ, బోలెడు చోటుంది," పిలిచాడొక ముసలాయన. "నేనొచ్చి అరవై ఏళ్ళు."

ఫిలీనోస్ హడలిపోయి పడవ అంచు పట్టుకున్నాడు. పడవవాడు తెడ్డుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు.

"లేనోడు ఎన్నాళ్ళు కూర్చున్నా నాకేం నొప్పి లేదు. మోసగాణ్ణి మాత్రం ఒడ్డున కూడా ఉండనివ్వను. ఇంటికి పో! పోయి మంచిది తెచ్చుకో." నాణేన్ని మళ్ళీ ఫిలీనోస్ నోట్లోనే కుక్కి, వెనక్కి ఒక్క తోపు తోశాడు.

ఆర్కిప్పెని ఏమని తిట్టాలో కూడబలుక్కుంటూ, ఫిలీనోస్ కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన దారినే నడిచాడు.

ఇంట్లో పాడె చుట్టూ జుట్లు పీక్కుని ఏడుస్తున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు, ఎందుకంటే శవం లేచి కూర్చుని, రాగి బిళ్ళని తుపుక్కున ఉమ్మి, "ఏమే, నా మొహానికి ఒక్క నిజం వెండిది దొరకలేదూ?" అంది.