ముప్పై గీత

"ఎవరు రాశారిది?" ఇన్షిరాహ్ కాగితాన్ని రుబా ముందు విసిరికొట్టింది. "మా తమ్ముడు ఇన్సులిన్ ఎగ్గొడుతున్నాడా? ఈ రాత చూసి బీమావాళ్లు వాడి కంటి లేజర్‌కు డబ్బు ఇచ్చేది లేదన్నారు!"

అమ్మాన్‌లోని ఆ కంటి ఆస్పత్రిలో జబ్బులకు బీమా కోడ్‌లు వేసేది రుబా.

"డాక్టరు రాసినదానికే నేను కోడ్ వేస్తాను, హజ్జా," అని ఆ పెద్దావిడను మర్యాదగానే పిలిచి చెప్పింది రుబా. "షుగర్ దిగడం లేదు, కంటి లోపల రక్తం కారుతోంది. మందు మానకపోతే ఇలా ఎందుకవుతుంది?"

"మానడానికి సూది వాడి చేతిలో ఉంటేగా! రోజూ పొద్దున్నే వెళ్లి నేనే పొడుస్తాను. నేను అబద్ధాలకోరునా?"

"అరవకండి. ఎంత ఇస్తున్నారు?"

"ముప్పై గీత దాకా!" ఇన్షిరాహ్ సంచిలోంచి సిరంజి, మందు సీసా తీసి అక్కడే నింపింది. "ఇదిగో. కళ్లుంటే చూసుకో!"

రుబా చూసింది. మందు పదిహేను గీత దాటలేదు.

ఆమె నోరు తెరిచేలోగా, కుర్చీలో కూర్చున్న తమ్ముడు నాయెఫ్ అందుకున్నాడు. "వదిలెయ్, అమ్మాయ్. నేనే ఎగ్గొట్టానని ఉండనీ."

"అంటే మీకు తెలుసా?"

"నా చూపు బాగున్నప్పటి నుంచీ చూస్తున్నాగా."

ఇన్షిరాహ్ సిరంజిని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరం జరిపింది. గీతలు ఎక్కడా కనిపించలేదు.

"నోరెందుకు మూసుకున్నావురా, గాడిదా?"

"చెబితే నువ్వు పొద్దున్నే రావడం మానేస్తావక్కా."

రుబా లేచింది. "పదండి. ఈ మాట డాక్టరుకు చెప్పి, ఆయన రాత మార్పించాలి."

"ఆగు," అంది ఇన్షిరాహ్ కటువుగానే. "ముందు నా పేరు కూడా రాసుకో. నా కళ్లు కూడా చూడమను."