కంట్లో పోగు

రఫూ కొట్లో తమ్ముడు చిరిగిన బట్ట కుడితే అన్నకి కన్ను కుట్టేది. వాడు కళ్లజోడు లేకుండానే ఒక్క ఊపులో సూదిలో దారం ఎక్కిస్తాడు. అన్న కళ్ల ముందు మాత్రం ఏడాదిగా ఓ నల్లపోగు తేలుతోంది.

"వయసు పోగేసిన ఆస్తి అది. చూపు ఎటు తిప్పితే అటే వస్తుంది, భయపడకండి," అన్నాడు కంటి డాక్టరు.

ఆ రాత్రి షట్టరు దించాక అన్న చూపు గోడవైపు తిప్పాడు. పోగు రాలేదు. తమ్ముడి తెల్లచొక్కా భుజం మీదే ఉండిపోయింది. గోడ కడిగినట్టు తేటగా కనిపించింది.

"అన్నయ్యా, మెడ మీద ఏదో పాకుతోంది. కాస్త చూడవూ?"

పోగు మెడ దాటి, చెంప ఎక్కి, కంటివైపు వెళ్తోంది. చెయ్యి చాస్తే అందుతుంది. తీస్తే అది మళ్లీ ఎవరి కంట్లో చేరుతుందో అన్నకి తెలుసు.

"ఏమీ లేదురా. కదలకుండా కూర్చో," అన్నాడు.