సున్నా టికెట్

"కార్డు చూపియ్యి చెల్లె," అంది కండక్టర్ దుర్గాభవాని.

షైనీ సంచిలో చెయ్యి పెట్టింది. నాగల్‌గిద్ద నుంచి నారాయణఖేడ్ పోయే బస్సు అది. తెలంగాణ ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే చాలు, డబ్బులు తీసుకోకుండా సున్నా టికెట్ ఇస్తారు. షైనీ పుట్టిల్లు నాగల్‌గిద్దే గానీ అత్తారిల్లు ఔరాద్. పెళ్లయ్యాక ఆధార్ కూడా ఆమెతోపాటే కర్ణాటకకు కాపురం వెళ్లిపోయింది. అందుకని పొద్దున వదిన రమ్య తన కార్డు తెచ్చి, షైనీ కార్డున్న ప్లాస్టిక్ కవర్లోనే వీపుకు వీపు ఆనించి పెట్టింది. "మస్తు మంది గిట్లనే పోతరు, ఎవలు చూస్తరు?" అని ధైర్యం కూడా చెప్పి పంపింది.

షైనీ కవరు పైకెత్తి పట్టుకుంది. ఆధార్ ఫొటోలో రమ్య గుడ్లురిమి తననే చూస్తోంది. దుర్గాభవాని కవరు వంక ఒకసారి, షైనీ ముఖం వంక ఒకసారి చూసింది. ఎందుకో చిన్నగా నవ్వి, మిషన్ నొక్కి టికెట్ చింపి ఇచ్చింది. షైనీ దాన్ని చూడనైనా చూడకుండా బైబిల్లో దూర్చేసింది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ఆదివారం ఖేడ్ చర్చిలో స్త్రీల కూటంలో మాట్లాడాల్సింది షైనీయే. అంశం మనస్సాక్షి. లోపలి నుంచి పలికే ఆ చిన్న స్వరాన్ని ఎలా వినాలో వారం రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసుకుంది. ఆ చిన్న స్వరం కూటం దాకా ఆగకుండా బస్సులోనే మొదలుపెట్టింది. నేను ఆడదాన్ని కానా, పుట్టింది తెలంగాణలో కాదా అని షైనీ దానితో ఖేడ్ దాకా వాదించింది. అది ఒక్క ముక్కా ఒప్పుకోలేదు.

ప్రసంగం మాత్రం జోరుగా సాగింది. మనస్సాక్షి పొడిచినప్పుడు ఆగాలి అన్నచోట షైనీ గొంతు వణికింది. ఆత్మ కదిలించిందనుకుని అందరూ కళ్లు తుడుచుకున్నారు. సంఘానికి పెద్దదిక్కయిన క్రిస్టీనమ్మ లేచి నిలబడి ఆమె కోసం ప్రార్థన చేసింది. ఆ మెచ్చుకోళ్లు తినబుద్ధి కాని విందులా ఉన్నాయి షైనీకి. తిరిగి వెళ్లేటప్పుడు పొద్దుటిదీ కలిపి రెండు టికెట్లూ కొని తీరాలని అక్కడే నిశ్చయించుకుంది.

తిరుగు బస్సులో అదే కండక్టర్. కానీ క్రిస్టీనమ్మ ఊరూ అటే, ఆమె వచ్చి పక్క సీట్లోనే కూర్చుంది. ఇప్పుడు నోరు తెరిస్తే క్రిస్టీనమ్మ వింటుంది. ఆమె విన్నది వచ్చే ఆదివారంలోగా సంఘమంతా వింటుంది. ఇక ప్రసంగానికి ఎవరూ పిలవరు. షైనీకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో దుర్గాభవాని వచ్చి నిలబడింది.

"అక్కా, పొద్దుగాల నీకు మా వదిన కార్డు చూపించిన," అంది షైనీ గబగబా. "నాది కర్ణాటక. మోసం చేసిన. పొద్దుగాలది, ఇప్పటిది, రెండు టికెట్లు కొట్టు."

క్రిస్టీనమ్మ నోరు తెరిచింది. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. పరువు పోతే పోయింది గానీ, పొద్దుటి నుంచి మొదటిసారి షైనీ ప్రాణం కుదుటపడింది.

దుర్గాభవాని ముఖం మాత్రం వాడిపోయింది. పొద్దున ఇచ్చిన టికెట్ చూసుకోలేదా అని అడిగింది.

షైనీ బైబిల్ తెరిచింది. టికెట్ మీద సున్నా లేదు, నలభై రూపాయలని ఉంది. కంగారుగా కవరు తీసి, పొద్దున పట్టుకున్నట్టే పైకెత్తి పట్టుకుంది. వదిన ఫొటో తనవైపు ఉంది. కండక్టర్ వైపు ఉన్నది తన కన్నడ కార్డే.

"దినాం వేరేటోళ్ల కార్డులే చూసి చూసి యాష్టకొచ్చింది," అంది దుర్గాభవాని. "ఒక్క మనిషన్న తన కార్డు తను చూపించిందని ఖుషీ అయ్యి, నీ టికెట్ పైసలు నేనే కట్టిన చెల్లె."