మూతలోపలి గుర్తు

"బాబూ, ఈ వాచీ ఏ కాలందో సెప్పగలవా?"

ముసలమ్మ కౌంటరు మీద పెట్టింది రూపాయి బిళ్ళంత ఆడవాళ్ళ వాచీ. కీ ఇచ్చే రకం.

గజపతినగరంలో వాచీ వయసు చెప్పడం, వాచీలు బాగుచేసే గణపతిరావుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 2013లో వాచీ బాగుచేయించుకునేవాళ్ళెవరు? సెల్‌ఫోన్లొచ్చి అతని నోట్లో మట్టి కొట్టాయి. పాత వాచీలు సేకరించేవాళ్ళే, వాటి వయసు చెప్పించుకోవడానికి వెతుక్కుంటూ వచ్చేవారు.

అతని కిటుకు ఒకటే. బాగుచేసిన ప్రతివాడూ వెనక మూత లోపల తన గుర్తూ, సంవత్సరమూ సూదితో గీకుతాడు. అన్నిటికన్నా పాత గీత ఏ ఏడాదిదో, వాచీ అంతకుముందు పుట్టినట్టే.

ఆ గుర్తుల్లో ఒకటి అతణ్ణి ముప్పయ్యేళ్ళుగా పట్టి పీడిస్తోంది. నాలుగు చుక్కలు, వాటిని చుట్టిన మెలిక. లోపలి పని చూస్తే ఒళ్ళు జలదరించేది. వెంట్రుకంత స్ప్రింగును అంత నేర్పుగా సరిచేసినవాడెవడు? భూతద్దం కంటికి పెట్టుకుంటే చాలు, ఆ మనిషి వెనకే నిలబడి తన చేతులు చూస్తున్నట్టుండేది. శ్రీకాకుళం దాకా వెతికాడు. బతికుండగా ఒక్కసారి ఆయన కాళ్ళకు దండం పెట్టాలన్నదే అతని కోరిక.

ఆ రోజు మాత్రం అన్నం వేళ. కడుపు నకనకలాడుతోంది.

"డయల్ తళతళలాడతంది సూడు. ఎనభయ్యిల్లోదమ్మా. పెద్ద పాతదేటి కాదు."

ముసలమ్మ నవ్వింది.

"మొకం సూసి వయసు సెప్పీసినావేటి? డయల్ తరవాత మార్సినారు. మూతలు సదివేవోడివంటే వచ్చినాను. తీసి సూడు."

"తరవాత సూస్తాను."

"ఆ సిన్నకత్తి ఇలాగియ్యి, నేను తీస్తాను."

ఆమె చెయ్యి కత్తి మీద పడగానే గణపతిరావు తోసేశాడు.

"ముట్టుకోకు! ఆడోళ్ళు కెలికే పనిముట్లు కావివి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపం రాలేదు. అలవాటైన మాటే విన్నట్టుంది.

"సరే, నీ కాడే ఉండనీ. ఎప్పుడో తీస్తావు కదా."

చీటీ మీద పేరు రాసి వాచీకి కట్టాడు. కూర్మమ్మ, రామతీర్థం.

పదిహేను రోజులకు ఆ చీటీ చేతికి తగిలింది. మూత తీశాడు.

నాలుగు చుక్కలు, మెలిక. 1961.

కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. మూత నిండా అదే గుర్తు. చివరిది మాత్రం వణికిన గీతల్లో ఉంది. 2013.

గణపతిరావు భూతద్దం పెట్టి మళ్ళీ చూశాడు. మహానుభావుడు ఇంకా బతికే ఉన్నాడు! ఆయన ఇల్లెక్కడో ముసలమ్మకు తెలిసే ఉంటుంది.

కొట్టు మూసేసి రామతీర్థం బస్సెక్కాడు.

వీధంతా ముగ్గులే. కూర్మమ్మ వాకిలి ఒక్కటే బోసిగా ఉంది.

"పోయి తొమ్మిది రోజులైనాది," అంది పక్కింటి జగ్గమ్మ.

కూర్మమ్మ నవ్వు కళ్ళ ముందు కదిలింది. అయినా అడిగాడు.

"అమ్మా, ఆవిడ వాచీ బాగుసేసీవోరు ఎవరో తెలుసా? ఆయన ఇల్లెక్కడ?"

జగ్గమ్మ అతణ్ణి వింతగా చూసింది.

"ఏ ఆయన? ఆల్లాయన కొట్టు ముందర కూకోని బేరాలాడీవోడు, అంతే. ఎనకగదిలో కూకోని ఊరూరి వాచీలు బాగుసేసి, మూతలోపల ముగ్గెట్టినాది కూర్మమ్మే కదయ్యా!"