కిటికీ కింద నలభై రోజులు

ఆరు కావస్తోంది. టైలరు వడ్రంగి ఇంటి వెనక గోడకు వీపు ఆనించి, చెవిని కిటికీకి అప్పగించాడు. లోపల కుర్చీ జరిగింది. బైబిలు పేజీలు తిరిగాయి. ఇవాళైనా ఆ గొంతు పెగలకూడదని కోరుకున్నాడు.

పెగిలింది. గట్టిగా, నిదానంగా, ఒక్కో మాటా చెక్కి నిలబెట్టినట్టు.

"పదకొండో రోజు" అని పళ్ళు నూరుకున్నాడు టైలరు.

వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళు. అక్కను టైలరు చేసుకున్నాడు, చెల్లెల్ని వడ్రంగి. అక్క పోయి ఏడాది దాటింది. చెల్లెలు నిక్షేపంగా ఉంది. ఆ తేడాకి టైలరు దేవుణ్ణీ క్షమించలేదు, తోడల్లుణ్ణీ క్షమించలేదు.

చర్చిలో ఆదివారం వాక్యం చదివే పని పద్దెనిమిదేళ్ళు టైలరు భార్యదే. ఆమె పోయాక ఆ చోటు ఖాళీగానే ఉంది. ఈ మధ్యే పాస్టరుగారు ఒక పద్ధతి పెట్టారు.

"ఎవరికి వాళ్ళు ఒక్క అలవాటు పెట్టుకోండి. గొప్పలకు పోకండి, చేయగలిగిందే రాయండి. నలభై రోజులు తప్పకుండా చేసినవాళ్ళు ఇక నుంచి వాక్యం చదువుతారు."

ఆ చోటు తనది కావాలనుకున్నాడు టైలరు. కనీసం వేరేవాళ్ళది కాకూడదు. రోజుకు ఐదు అధ్యాయాలు, గంట ప్రార్థన, వారానికో ఉపవాసం అని రాసిచ్చాడు.

"టైలరుగారూ, కొలత కాస్త ఎక్కువైందేమో?" అన్నారు పాస్టరుగారు.

"నా కొలతలు నాకు తెలుసు."

వడ్రంగి తన చీటీ తానే చదివాడు. "రోజుకో అధ్యాయం. పొద్దున ఆరింటికి. పైకి చదవాలి."

"పైకెందుకయ్యా? దేవుడికి చెవుడనుకున్నావా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వడ్రంగీ నవ్వాడు.

రెండు రోజులు టైలరు మాట నిలబెట్టుకున్నాడు. మూడోరోజు భార్య పెన్సిలుతో గీతలు గీసుకున్న పేజీ వచ్చింది. బైబిలు మూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాలుగోరోజు పొద్దున్నే దుకాణానికి పోతూ, రోజూ నడిచే వడ్రంగి ఇంటి వెనక సందులోనే, తోడల్లుడి గొంతు విని ఆగిపోయాడు. తనకు తప్పింది వీడికి తప్పలేదు. ఎప్పుడో ఒకరోజు తప్పకపోదు. ఆ రోజు తాను అక్కడుండాలి.

ఇక రోజూ అక్కడే. ఇరవయ్యోరోజు దుకాణం తాళంచెవి కనపడక టైలరు ఆలస్యంగా వచ్చాడు. అతను గోడ దగ్గరికి చేరాకే లోపల చదువు మొదలైంది. ఆ సాయంత్రమే పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఆరుంపావుకి మొదలెట్టాడండీ!"

"మీకెలా తెలుసు?"

"దారిన పోతుంటే వినపడింది."

"పావుగంట పట్టుకుని వేలాడితే ఎలాగండీ? మీ అలవాటు ఎంతవరకు వచ్చింది?"

టైలరు గిరుక్కున తిరిగి వచ్చేశాడు.

మరోరోజు అతనికి దగ్గు తెర వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లోపల చదువు ఆగింది. దగ్గు తగ్గాక అదే వాక్యం మళ్ళీ మొదటినుంచి వినపడింది. 'చదవడం కూడా చేతకాదు, తడబడుతున్నాడు' అనుకుని సంతోషించాడు. వాన మొదలైన రోజుల్లో కిటికీ కింద, చూరు నీడన ఒక కొత్త ముక్కాలిపీట కనపడింది. చేసిన సరుకు బయట వదిలేసిన వాడి నిర్లక్ష్యాన్ని తిట్టుకుంటూ దాని మీదే కూర్చున్నాడు. ఒక్కోసారి అధ్యాయం అయిపోయినా లేవడం మరిచిపోయేవాడు. గుర్తొచ్చాక తనమీద తనకే ఒళ్ళు మండేది.

ముప్పై తొమ్మిది రోజులు గడిచాయి. అప్పటికి చర్చిలో అందరి అలవాట్లూ తలోచోట తెగిపోయాయి. వడ్రంగి ఒక్కడే మిగిలాడు.

నలభయ్యోరోజు, శనివారం, టైలరు జ్వరంతో లేవలేకపోయాడు. మధ్యాహ్నం మరదలు పాలూ బ్రెడ్డూ తెచ్చింది.

"ఒళ్ళు కాలిపోతోంది. కబురైనా చెయ్యవేం బావా?"

"అది సరే. మీ ఆయన ఇవాళ చదివాడా?"

ఆమె గ్లాసు అందిస్తూ ఆగింది. "లేదు బావా. ఏడు దాటేదాకా పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. తర్వాత మూసేసి పనిలోకి పోయాడు."

"నిజంగా?"

"నేను మాత్రం అబద్ధం చెప్తానా?"

టైలరు పాలు గటగటా తాగేశాడు. సాయంత్రానికి జ్వరం దిగింది.

ఆదివారం పాస్టరుగారు వడ్రంగిని ముందుకు పిలిచారు. తన భార్య నిలబడి చదివిన చోటికి తోడల్లుడు నడుస్తుంటే టైలరు చూడలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"ఆగండి! నిన్న చదవలేదు. మా మరదల్నే అడగండి."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తల వంచుకుంది.

"నిజమేనా?" అన్నారు పాస్టరుగారు.

"నిజమేనండీ. అన్నయ్య చెప్పింది నిజం" అన్నాడు వడ్రంగి. "ఆ చోటు నాకొద్దు."

"ముప్పై తొమ్మిది రోజులు చదివి చివరిరోజు వదిలేశావా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ."

"పనేమైనా పడిందా?"

"లేదండీ. కిటికీ తెరుచుకుని కూర్చున్నాను."

"మరి చదవడానికేమయ్యా?"

వడ్రంగి టైలరు వంక చూసి, చూపు దించుకున్నాడు.

"వినాల్సిన మనిషి రాలేదండీ."