పంపుల ఇంజనీరు రాజీనామా

చీఫ్ డిజైనర్‌గా ప్రమోషన్ ఇస్తున్నట్టు ఉత్తరం ఉదయం వచ్చింది. సాయంత్రానికల్లా మొగుడు రాజీనామా రాసి బల్ల మీద పెట్టాడు.

ఆ కుర్చీ కోసం పదేళ్లు గొడ్డుచాకిరీ చేశాడతను. నీళ్ల పంపుల బొమ్మలు గీసి గీసి మెడ పట్టేసేది. ఆదివారాలు కూడా ఆఫీసుకే అంకితం. తీరా చేతికందాక, “ఇదంతా ఉత్త భ్రమ. ఆశ్రమంలో చేరిపోతాను” అంటున్నాడు.

“కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడట! పాప ఇంకా నాలుగో తరగతి. దాని సంగతేంటి?” అని అరిచింది భార్య.

“నువ్వున్నావుగా.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కళ్లజోళ్ల షాపులో పొద్దంతా అద్దాలు అరగదీసి రావడం, వచ్చి ఇతనితో వాదించడం. వారం రోజులు నెత్తీనోరూ కొట్టుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అన్నిటికన్నా, ఊళ్లో ఇన్ని ఆశ్రమాలుండగా పోయి పోయి ఆ ఆశ్రమాన్నే పట్టుకోవడం పుండు మీద కారం చల్లినట్టుంది. “అదంటే నీకెందుకంత మంట?” అని అతనడిగితే మాట మార్చేసింది.

చివరికి తనే బయల్దేరింది. ఈ జన్మలో ఆ మెట్లెక్కకూడదనుకుంది. ఎక్కింది.

గదిలో స్వామి ఒక్కరే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. శుక్లాలు కమ్మిన కళ్లు చికిలించి, “కూర్చో తల్లీ” అన్నారు. ఆమె కూర్చోలేదు. నిలబడే కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

స్వామి అంతా విని నిట్టూర్చారు.

“ధర్మం, అర్థం, కామం. ఆ మూడూ దాటాకే మోక్షం అన్నారు పెద్దలు. పైకి రావాలనుకోవడం పాపమని ఎవరన్నారు? ధర్మం తప్పి పైకి రావడం పాపం. అతని తపస్సు ఆ పంపు బొమ్మల్లోనే ఉందమ్మా. మనసు పెట్టి గీయమను. ఫలితం దేవుడికి వదిలేయమను.”

“నేను చెప్తే వినే రకమా?”

“నేను చెప్తాను. రేపు పంపించు. పెళ్లాన్నీ పసిపిల్లనీ గాలికొదిలేసి వచ్చేది వైరాగ్యం కాదు, పిరికితనం. అలాంటివాణ్ణి ఈ గడప తొక్కనివ్వను.”

వచ్చిన పని అయింది. దణ్ణం పెట్టి వెళ్లిపోవచ్చు. కానీ ఆ మంచి మాటలు వింటున్నకొద్దీ ఆమెకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది.

“ఇంకేమైనా ఉందా తల్లీ?”

“మరి నా తొమ్మిదో ఏట ఈ ముక్క మీకెందుకు తట్టలేదు, నాన్నా?”